బావ చెప్పే సాక్ష్యం

పోయిన వారం మా అమ్మాయి బడి నుంచి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. పిల్లలందరినీ మూడు రోజులు క్యాంపుకి తీసుకెళ్తారట, అక్కడేదో సరస్సులో కయాక్, అదే ఆ సన్నటి తెడ్డు పడవ, నడపడం నేర్పిస్తారట. ఆ కాగితం నిండా గళ్ళే. మీ బిడ్డకు ఈత వచ్చా? ఉబ్బసం ఉందా? మందులేమైనా వాడుతోందా? అన్నిటికీ టిక్కులు పెట్టుకుంటూ వచ్చి సంతకం దగ్గర ఆగిపోయాను. "నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో కనుక్కున్నావా అమ్మా?" అని అడిగాను. మా ఇంట్లో నేను తెలుగులో అడుగుతాను, తను ఇంగ్లీషులో జవాబిస్తుంది, అలా ఇద్దరం ఏళ్ళ తరబడి రాజీపడి బతుకుతున్నాం. "డాడ్, జస్ట్ సైన్ ఇట్. ఎవ్రీవన్ ఈజ్ గోయింగ్" అంది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, ఆస్తి రాసిస్తున్నట్టు అంతసేపు ఆలోచిస్తారేమిటి అంది. నేను పెన్ను పట్టుకుని బావ గురించి ఆలోచిస్తున్నానని ఇద్దరికీ తెలియదు.

బావ అంటే మా మేనత్త కొడుకు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. వాళ్ళది గోదావరి పాయల మధ్య ఒక లంక. బడికి వెళ్ళాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా, ఆసుపత్రికి వెళ్ళాలన్నా పడవెక్కాల్సిందే. నడక, ఈత ఒకేసారి నేర్చానని చెప్పుకునేవాడు. నేనేమో భీమవరంలో బకెట్టు నీళ్ళతో పెరిగినవాణ్ణి. నాకు ఈత రాకపోవడం బావ దృష్టిలో చదువు రాకపోవడం కంటే పెద్ద లోటు. నాకంటే ఏడాది ముందు చదువుకోసం సిడ్నీ వచ్చి, నన్నూ పంపించమని మా నాన్న ప్రాణం తీసి, మా అమ్మకు ఫోన్లో "అత్తా, ఆణ్ణి నాకొదిలెయ్, నేను చూసుకుంటాగా" అని మాటిచ్చిన మనిషి. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. గిరావీన్‌లో రెండు గదుల ఫ్లాటులో ఐదుగురం ఉండేవాళ్ళం. చలికాలంలో ఆ ఇంట్లో చలి వీధిలోకన్నా ఒక పిసరు ఎక్కువే ఉండేది. ఉన్న ఒక్క హీటరు పక్కన చోటు నాకిచ్చి, తను కిటికీ కింద పరుపేసుకునేవాడు. అదేంటి బావా అంటే ఎప్పుడూ ఒకటే సమాధానం. "నాకు చలేంట్రా? జనవరిలో తెల్లారగట్ట గోదాట్లో బాప్తిస్మం తీసుకున్నోణ్ణి!" ఆ బాప్తిస్మం ఆయన ఆత్మకు ఎంత మేలు చేసిందో నాకు తెలియదు కానీ, చలి సంగతి వచ్చినప్పుడల్లా మాత్రం భలే పనికొచ్చేది.

నా రెండో సెమిస్టరులో, ఆగస్టు నెలలో, బ్లాక్‌టౌన్‌లో మేం వెళ్ళే తెలుగు చర్చివాళ్ళు పిక్నిక్ పెట్టారు. కొండలు దాటి రెండు గంటల ప్రయాణం, ఒక ఆనకట్ట వెనక పెద్ద సరస్సు. ఆగస్టు అంటే ఇక్కడ చలికాలం చివర. దారి పక్క గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. కానీ మేం చేరేసరికి ఎండ ఎంత బాగా కాసిందంటే, ఆంటీలు స్వెట్టర్లు విప్పి నడుముకి కట్టుకున్నారు. ఎండ కాస్తే నీళ్ళు వేడెక్కుతాయనేది మాలో ఎవరూ ఎప్పుడూ అనుమానించని విషయం. టూంగాబీలో ఉండే ఒక అంకుల్ తన గ్యారేజీలోంచి ఇద్దరు కూర్చునే కయాక్ ఒకటి కారు పైన కట్టుకుని తెచ్చాడు. రెండు లైఫ్ జాకెట్లు కూడా తెచ్చి మా చేతుల్లో పెట్టి, "రెండూ వేసుకోండమ్మా. ఒడ్డు పక్కనే తిరగండి, దూరం పోవద్దు, ఇక్కడి నుంచి నాకు మీ మొహాలు కనబడాలి" అని చెప్పి బార్బెక్యూ పొయ్యి దగ్గర చికెన్ తిప్పడానికి వెళ్ళిపోయాడు. పక్కనే ఓ డెబ్బై ఏళ్ళ తెల్లజుట్టు ముసలావిడ తన సన్నటి కయాక్‌ను ఒంటరిగా నీళ్ళలోకి దించుకుంటోంది. మెడ దాకా రబ్బరు సూటు, దానిపైన లైఫ్ జాకెట్, నెత్తిన ఉన్ని టోపీ. "ఈ మామ్మకి చలి ఎక్కువనుకుంటా" అని బావ నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికి నేను బావ ఏమన్నా నవ్వేవాణ్ణి.

నేను లైఫ్ జాకెట్ వేసుకుని, బకిల్సన్నీ రెండేసిసార్లు లాగి చూసుకున్నాను. బావ తన జాకెట్టును మడతపెట్టి కింద వేసుకుని దాని మీద కూర్చున్నాడు. వెనక సీటు గట్టిగా ఉంది, నడుం నొప్పెడుతుందట. "వేసుకో బావా, అంకుల్ చెప్పారు కదా" అన్నాను. "ఇదేసుకుంటే చేతులు ఫ్రీగా ఆడవురా. నేనెవర్ననుకున్నావు? మా ఊళ్ళో తెలిస్తే పరువు పోద్ది" అన్నాడు. తమాషాకి అన్నాడనుకునేరు, కాదు. లంకలో పుట్టినవాడు గాలి సంచీ కట్టుకుని నీళ్ళ మీదికి వెళ్ళడం ఆయనకు నిజంగానే సిగ్గు. జీన్స్ ప్యాంటు, మందపాటి కాటన్ స్వెట్టరు, కాళ్ళకు కొత్త బూట్లు. అదీ బావ వేషం. గంటకల్లా మేం ఒడ్డు పక్క నుంచి, అంకుల్‌కి మొహాలు కనబడే దూరం నుంచి, సరస్సు నడిమధ్యకి వెళ్ళిపోయాం. అక్కడ నల్ల హంసలు ఉన్నాయని బావ అన్నాడు. నిజంగానే ఉన్నాయి. మమ్మల్ని చూసి పక్కకు జరిగాయి, అంతే.

మధ్యాహ్నం అయ్యేసరికి కొండల మీంచి గాలి మొదలైంది. నీళ్ళు చిన్న చిన్నగా లేచి కయాక్ పక్కల్ని తడుతున్నాయి. వెనక్కి పోదామన్నాను. అప్పుడు బావ చేసిన పని ఆయన ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. లేచి నిలబడ్డాడు. లంకలో పడవ మళ్ళించాలంటే వెనక నిలబడి గెడ వేస్తారు, పుట్టినప్పటి నుంచి చూసింది అదే. తెడ్డును గెడలా నిలువుగా పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, "చూడు, ఒక్క తోపుకి ఎలా తిప్పుతానో" అన్నాడు. నాటు పడవ అడుగు బల్లపరుపుగా ఉంటుంది, కయాక్‌కి అలాంటి అడుగే ఉండదు. ఆ మాట పూర్తవకముందే ఇద్దరం నీళ్ళలో ఉన్నాం.

ఆ చలి గురించి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ చేతకాదు. అది చలిలా అనిపించలేదు, ఎవరో గుండెల మీద గట్టిగా తన్నినట్టు అనిపించింది. ఊపిరి లోపలికి పోతోంది, లోపలికే పోతోంది, బయటికి రావడం లేదు. ఆ మొదటి నిమిషం ఈదే ప్రయత్నం చెయ్యకుండా, తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగాలని, పడవను వదలకూడదని, దానిమీదికి ఎంత వీలైతే అంత ఎక్కాలని తర్వాతెప్పుడో నేర్చుకున్నాను. నా జాకెట్టు నన్ను పైన ఉంచింది కాబట్టి ఏమీ తెలియకుండానే నేను ఆ పని చేశాను. బావకు అన్నీ తెలుసు కాబట్టి ఈత మొదలుపెట్టాడు. ఆయన కూర్చున్న జాకెట్టు గాలికి కొట్టుకుపోతుంటే దాని వెంట పడ్డాడు. పది బారలు వేశాడేమో. అంత అందమైన ఈత నేను మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత చేతులు లేవడం మానేశాయి. వెనక్కి తిరిగి నావైపు చూశాడు. ఆ చూపులో భయం కన్నా ఆశ్చర్యం ఎక్కువుంది, తన చేతులు తన మాట వినకపోవడం ఆయనకు అదే మొదటిసారి.

గాలే కయాక్‌నీ నన్నూ ఆయన వైపుకి తోసింది, నాదేమీ గొప్ప లేదు. ఎడమచేత్తో తిరగబడిన కయాక్ అంచున ఉన్న తాడు పట్టుకున్నాను, కుడిచేత్తో బావ మణికట్టు పట్టుకున్నాను. ఒడ్డున మా వాళ్ళు చీమల్లా కనబడుతున్నారు. అరిచాను. పాటలు పాడుతున్నట్టున్నారు, చప్పట్లు వినబడుతున్నాయి. ప్రభువా, ఒక్కరినైనా ఇటు చూడనియ్యి అని ఏడ్చాను. బావ పళ్ళు టకటకా కొట్టుకోవడం కాసేపు వినబడింది, తర్వాత అది కూడా ఆగిపోయింది. ఆగితే మంచిదనుకున్నాను, నా తెలివి అంత! "నిద్దరొత్తందిరా" అన్నాడు ముద్దముద్దగా. "లెక్కపెట్టు బావా, ఒకటి నుంచి వందదాకా లెక్కపెట్టు" అని అరిచాను. లెక్కపెట్టాడు. పదిహేడు దాకా వచ్చి ఆగాడు. మళ్ళీ పదిహేడన్నాడు. మళ్ళీ పదిహేడు. ఇంజనీరింగ్ లెక్కల్లో యూనివర్సిటీ మొత్తానికి పేరు తెచ్చుకున్న మనిషికి పద్దెనిమిది గుర్తుకు రావడం లేదు. ఇంటికి ఏమని ఫోన్ చెయ్యాలి, అత్తకు ఏ మాటతో మొదలుపెట్టాలి అని నీళ్ళలో ఉండగానే నా బుర్ర వాక్యాలు పేర్చుకోవడం మొదలెట్టింది. అంత నీచమైన పని నా బుర్ర మరెప్పుడూ చెయ్యలేదు.

పొద్దున మేం చూసి నవ్విన మామ్మే వచ్చింది. ఎటునుంచి వచ్చిందో చూడలేదు. ఒక్కసారిగా పసుపుపచ్చ కయాక్ ముక్కు నా మొహం పక్కన ఉంది, ఆవిడ చెయ్యి బావ కాలరు మీద ఉంది. "లెట్ గో, డార్లింగ్. ఐ హావ్ గాట్ హిమ్" అంది. నేను నా కుడిచెయ్యి వైపు చూశాను. అది తెరిచి ఉంది. తెల్లగా పాలిపోయి, ఎవరిదో చెయ్యి అక్కడ మర్చిపోయి వెళ్ళినట్టు తేలుతోంది. అందులో బావ మణికట్టు లేదు.

ఆవిడ బావను తన కయాక్ వెనక భాగం మీదికి బోర్లా లాగి, మా కయాక్‌ను తాడుతో కట్టి, నన్ను దాన్ని పట్టుకోమని, ఈల ఊదుకుంటూ ఒడ్డుకి లాక్కొచ్చింది. అప్పటికి మా వాళ్ళు పాటలాపి నీళ్ళలోకి పరుగెత్తుకొస్తున్నారు. నా భుజాల మీద ఎవరో దుప్పటి కప్పారు. బావను పచ్చికలో పడుకోబెట్టగానే మనవాళ్ళు ఎవరైనా ఏం చేస్తారో అదే చేశాం. నలుగురం నాలుగు వైపులా కూర్చుని అరచేతులు, అరికాళ్ళు పరపరా రుద్దడం మొదలుపెట్టాం. ఒక ఆంటీ హ్యాండ్‌బ్యాగులోంచి బామ్ తీసి అరికాళ్ళకు పట్టించింది. బావ కళ్ళు తెరిచాడు. అందరూ దేవునికి స్తోత్రం అన్నారు. "నాకేం కాలేదు" అని లేచి నిలబడ్డాడు కూడా, టూంగాబీ అంకుల్ భుజం పట్టుకుని రెండడుగులు వేశాడు. మూడో అడుగుకి మొదలు నరికిన అరటిచెట్టులా కూలిపోయాడు.

"స్టాప్ రబ్బింగ్ హిమ్!" అని మామ్మ వేసిన కేకకు మేమంతా చేతులు వెనక్కి తీసుకున్నాం. అలా రుద్దితే కాళ్ళలో చేతుల్లో గడ్డకట్టినంత చల్లబడిన రక్తం ఒక్కసారి గుండెకు చేరుతుందట, నడిపించినా అంతేనట, గుండె ఆగిపోవచ్చట. ప్రేమతో రుద్ది రుద్ది మా బావను మేమే చంపేవాళ్ళం. ఆవిడ కత్తెరతో ఆ తడి స్వెట్టరు, జీన్స్ కోసేసి, కదిలించకుండా పడుకోబెట్టి, తన ఉన్ని టోపీ ఆయన నెత్తిన పెట్టి, కారులోంచి స్లీపింగ్ బ్యాగు తెప్పించింది. ఆ తర్వాత మా గుంపులో అందరికన్నా లావుగా ఉన్న మనిషి కోసం చూసి టూంగాబీ అంకుల్‌ని వేలు చూపించి పిలిచింది. ఆదివారం ఇస్త్రీ చొక్కా తప్ప వేసుకోని ఆ పెద్దమనిషి, ఆంటీలందరి ముందు చొక్కా విప్పి, సిగ్గుతో చచ్చిపోతూ, బావతో పాటు ఆ సంచీలో దూరి వాటేసుకుని పడుకున్నాడు. ఇంకో రోజైతే పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. అంబులెన్సు వచ్చేదాకా అంకుల్ ఏడుస్తూ, "బాబూ, నిద్రపోకమ్మా, నాతో మాట్లాడమ్మా" అంటూనే ఉన్నాడు.

బావ బతికాడు. మర్నాడు పొద్దున ఆసుపత్రిలో నన్ను గుర్తుపట్టి అడిగిన మొదటి మాట, "నన్నొదల్లేదు కదరా?" అని. నేను క్షణం కూడా ఆలోచించలేదు. "లేదు బావా" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఇంక ఆ మాటను వెనక్కి తీసుకునే దారి లేకపోయింది.

మా చర్చిలో దేవుడు చేసిన మేళ్ళను లేచి నిలబడి అందరికీ చెప్పడాన్ని సాక్ష్యం అంటారు. ఇరవై ఏళ్ళకు పైగా బావ ప్రతి ఆగస్టులో సాక్ష్యం చెబుతున్నాడు. లైఫ్ జాకెట్ మీద కూర్చున్న తన పొగరు గురించి చెబుతాడు, జనం నవ్వుతారు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకు వేలు చూపించి, "ఎండను చూసి మోసపోకండ్రా, నీళ్ళను చెయ్యి పెట్టి చూడండి, జాకెట్ ఒంటి మీదుండాలి, కిందకాదు" అని తిడతాడు. చివర్లో నన్ను లేపి నిలబెడతాడు. "మా బామ్మర్దికి ఈత రాదు. అయినా నా చెయ్యి వదల్లేదు" అంటాడు. అందరూ స్తోత్రం అంటారు. నేను తల వంచుకుంటే వినయం అనుకుంటారు. పోయిన ఏడు ఆరాధన అయ్యాక కారు పార్కులో ఆయన్ని ఆపాను. "బావా, ఆ రోజు నీళ్ళలో..." అన్నాను. "ఏంట్రా, చెప్పు" అని నా భుజం మీద చెయ్యేశాడు. వెచ్చటి, బరువైన చెయ్యి. "ఏం లేదు, భోజనాలు పెట్టేశారు పద" అన్నాను.

ఆ రోజు మామ్మ వదిలెయ్ అనడం, నా వేళ్ళు విడిపోవడం, ఈ రెండింటిలో ఏది ముందు జరిగిందో నాకు తెలియదు. చలికి వేళ్ళే విడిపోయాయో, నేనే విడిచిపెట్టానో అంతకన్నా తెలియదు. ఆ తర్వాత జరిగినవన్నీ, చదువులు, పెళ్ళిళ్ళు, పిల్లలు, ఇళ్ళు, ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి వెళ్ళిపోయాయి. ఆ రెండు క్షణాలు మాత్రం ఇన్నేళ్ళయినా నాలో ఏది ముందో ఏది వెనకో తేలకుండా, పక్కపక్కనే నిలబడి ఉన్నాయి.