పిల్లల పుస్తకంలో మా చిన్నమ్మ

తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు బడిలో నేను సోషల్ చెబుతాను. ఇల్లు తిరుత్తణిలో. పొద్దున లోకల్ రైలెక్కి పోవడం, సాయంత్రం మళ్ళీ లోకల్ రైల్లోనే ఇల్లు చేరడం. మా బడిలో లైబ్రరీ అంటే మెట్ల కింద గదిలో పెట్టిన ఇనప బీరువాలే. వాటిలో సగం పోటీ పరీక్షల గైడ్లు. మిగతావి చరిత్ర మీద, భూగోళం మీద పిల్లల కోసం వేసిన పెద్ద సైజు బొమ్మల పుస్తకాలు. నదులు, ఎడారులు, కోటలు, పాత ఓడలు. పిల్లలు వాటిని చదవడం తక్కువ, చూడడం ఎక్కువ. ఏదో ఒకటి చూస్తున్నారు కదా అని నేను సర్దుకున్నాను. ఆరో తరగతి వాళ్ళను వారానికోసారి ఆ గదికి తీసుకెళ్ళి నేల మీద కూర్చోబెట్టి ఒక్కో పేజీ తిప్పి చూపిస్తూ ఉంటాను.

అలా కొత్తగా వచ్చిన ఒక పుస్తకం పేరుపడ్డ ఫోటోల గురించి. పేజీకొక ఫోటో, కింద అరవంలోనూ ఇంగ్లీషులోనూ నాలుగు ముక్కలు, చివర పిల్లలకు ఒక ప్రశ్న. చంద్రుడి దగ్గర నుంచి తీసిన భూమి ఉంది. కరువులో గంజి కోసం నిలబడ్డ జనం ఉన్నారు. ఆనకట్ట కింద రాళ్ళు మోస్తున్న ఆడవాళ్ళు ఉన్నారు. పేజీలు తిప్పుతూ పోతే నేతపని ఫోటో వచ్చింది.

గుంట మగ్గంలో కూర్చున్న ఒక అమ్మాయి. పక్కనున్న చిన్న కిటికీలోంచి వెలుతురు ఆమె చెంప మీద పడుతోంది. ఒక చెయ్యి మగ్గం తాడు మీద ఉంది, ముఖం మాత్రం మనవైపు తిరిగి ఉంది. పెదాలు బిగించి ఉంది, కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. ఆ ముఖం మా అమ్మది. నాకు అణుమాత్రం అనుమానం కలగలేదు.

కింద ఇలా రాసి ఉంది: కాంచీపురంలో పట్టుచీర నేస్తున్న అమ్మాయి, చేనేత కార్మికుల తీరని దుఃఖమంతా ఈ కళ్ళలో కనిపిస్తుంది, ప్రపంచమంతా మెచ్చుకున్న ఫోటో ఇది. ఆ కింద ప్రశ్న: ఈ అమ్మాయి ఏమి ఆలోచిస్తూ ఉంటుంది?

ఆకలేస్తోందేమో మిస్ అని ఒక పిల్ల అరవంలో అంది. వాళ్ళమ్మ చచ్చిపోయిందేమో అని ఇంకొక పిల్ల అంది. నేను పేజీ తిప్పేశాను. బడి వదిలాక పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. మోకాళ్ళు పట్టేసి ఆమె మగ్గం దిగి చాలా కాలమైంది. నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో కూర్చుని మునగాకు దూస్తోంది. పుస్తకం ఆమె ముందు తెరిచి పెట్టాను.

"అమ్మా, ఇది నువ్వే గదా?"

చేతులు కొంగుకు తుడుచుకుని, కళ్ళద్దాలు తెచ్చుకుని పేజీ మీదికి వంగింది.

"నేను కాదు పాపా. మీ చిన్నమ్మ."

చిన్నమ్మ ఒకామె ఉండేదని, నేను పుట్టకముందే పోయిందని నాకు తెలుసు. అంతకు మించి తెలియదు. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఏటా పెద్దల అమావాస్యకు తాత ఫోటోకూ అవ్వ ఫోటోకూ దండ వేసి, చిన్నమ్మ కోసం ఒక చెంబుకు పసుపు రాసి బొట్టు పెట్టి పక్కన ఉంచుతుంది అమ్మ. నాకు చిన్నమ్మ అంటే ఆ చెంబే.

"యాడ దొరికినాది ఇది?" అని అడిగింది.

"బళ్ళో. పిల్లోళ్ళ పుస్తకం."

"ఆ రైక నాది. ఫోటో తీసేవాళ్ళు వస్తా ఉండారని తెలిసి, నన్ను బతిమాలి ఏసుకున్నాది. మళ్ళీ ఇయ్యనే లేదు."

తర్వాత నేను అడక్కుండానే చెప్పుకొచ్చింది. తిరుత్తణికి అవతల మా ఊరికి ఒక పొద్దున జీపు వచ్చిందట. మద్రాసు నుంచి కెమెరాలు తగిలించుకుని ఒకాయన, ఆయన్ను వెంటబెట్టుకుని చేనేత సొసైటీ ఆఫీసరు. ఇంటింటికీ తిరిగి మగ్గాలు చూశారట. మా తాత ఇంట్లో వెలుతురు బాగుందని అక్కడ ఆగారట. కెమెరా వైపు చూడొద్దు, నీ పని నువ్వు చేసుకో అని ఆయన చిన్నమ్మకు చెప్పాడట.

"నేను ఆయన ఎనకాల గడపలో నిలబడుకోని ఉంటి. ఆయన ఒక కాలు ఎత్తి, మెడ వంకర పెట్టి ఫోటో తీస్తా ఉంటే నేనూ అట్లే నిలబడితి. అది నన్ను చూసేసినాది. నవ్వితే ఆయన తిడతాడని పండ్లు బిగబట్టుకోని ఉండాది. చూడు, నవ్వు ఆపుకోలేక కండ్లల్లో నీళ్ళు వచ్చేసినాయి."

చూశాను. ఇప్పుడు అది నవ్వు తప్ప ఇంకోటిగా కనిపించలేదు. బడిలో చూసిన ముఖమేనా ఇది అనిపించింది.

కింద రాసినదాన్ని తెలుగులో చెప్పాను. అమ్మ విని కళ్ళద్దాలు తీసింది.

"దుఃఖమా? దానికేం దుఃఖం. ఆ పొద్దు మధ్యానం మేమిద్దురం సినిమాకు పోయినాము. కాంచీపురం యాడ, మా ఊరు యాడ. పట్టు గూడా కాదు అది, లుంగీ."

ఆ సంవత్సరమే వానాకాలంలో చిన్నమ్మకు జ్వరం వచ్చిందట. ఊళ్ళో మందులతో తగ్గక తిరుత్తణి ఆసుపత్రికి బండి కట్టుకుని తెస్తుంటే దారిలోనే పోయింది. ఆ సంగతి అమ్మ రెండు మాటల్లో చెప్పి ఆపేసింది. మునగాకు చేట పక్కకు జరిపి, "దీన్ని పెద్దది చేయించి ఇస్తావా పాపా, గోడకు పెడదాం" అంది. అమ్మ తన కోసం ఏదైనా అడగడం నాకు గుర్తు లేదు. సరేనన్నాను. ఫోటో సంపాదించడమే కాదు, పుస్తకంలో రాతను కూడా మార్పించాలని అనుకున్నాను. కాంచీపురం కాదు, పట్టు కాదు, దుఃఖం కాదు. మూడూ తప్పులే కదా, చెబితే దిద్దుకుంటారు అనుకున్నాను.

పుస్తకం వేసిన వాళ్ళకు ఈ-మెయిలు పెట్టాను. జవాబు లేదు. ఫోన్ చేస్తే మళ్ళీ ఈ-మెయిలే పెట్టమన్నారు. ఒక శనివారం సెలవు పెట్టి చెన్నైకి పోయాను. చల్లగా ఏసీ వేసిన గదిలో ఒక అమ్మాయి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, నేను చెప్పిందంతా ఓపిగ్గా వింది. మర్యాద తెలిసిన పిల్ల. తర్వాత ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. ఫోటో ఒక ఏజెన్సీ నుంచి వచ్చింది, కాంచీపురం అన్న మాట కూడా దాంతోపాటే వచ్చింది. తీసినాయన పోయి చాలా ఏళ్ళయింది. నెగటివ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"ఈమె మీ చిన్నమ్మే అనడానికి మీ దగ్గర ఏదైనా ఆధారం ఉందా మేడమ్? ఆమెది ఇంకో ఫోటో లాంటిది?"

"ఇంకో ఫోటో ఉంటే నేను ఇంత దూరం వచ్చేదాన్ని కాదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తల దించుకుంది. "మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఈ ఫోటోను అందరూ ఇలాగే వేశారు. మేము ఒక్కళ్ళం మారిస్తే తప్పు మాదే అనుకుంటారు. పైగా నవ్వు అంటే పిల్లలకు ఆ పేజీలో చెప్పాలనుకున్న విషయమే ఉండదు" అంది. పైవాళ్ళతో మాట్లాడతానని నా నంబరు తీసుకుంది. ఆ తర్వాత ఎవరూ ఫోన్ చేయలేదు. ఏజెన్సీకి రాస్తే యంత్రం పంపినట్టున్న ఒక ముక్క వచ్చింది, అంతే.

ఇక మిగిలింది పుస్తకంలోని పేజీ. తిరువళ్ళూరు స్టేషను దగ్గర ఫోటో స్టూడియో నడిపే అతనికి దాన్ని ఇచ్చాను. స్కాన్ చేసి కంప్యూటర్లో పెద్దది చేశాడు. ముఖం పెద్దదయ్యేకొద్దీ చుక్కలుగా విడిపోయింది.

"ప్రింటు మీద నుంచి తీస్తే ఇంతే అక్కా. చుక్కలే వస్తాయి. ఉండండి, ఇప్పుడు ఏఐ ఉండాది గదా, క్లీన్ చేసేస్తుంది" అన్నాడు. చిన్నమ్మ నవ్వు ఆపుకున్న సంగతి అంతకుముందే అతనికి చెప్పి ఉన్నాను. కాసేపట్లో స్క్రీను మీద నున్నటి చర్మంతో, దిద్దినట్టున్న కనుబొమలతో, తెల్లటి పలువరసతో నవ్వుతున్న ఒక అందమైన అమ్మాయి వచ్చింది.

"చూడండి, ఆపుకున్న నవ్వు బయటికి తెచ్చేసినా" అన్నాడు సంతోషంగా.

చిన్నమ్మను నేను చూసినదాన్ని కాదు. కాదని చెప్పడానికి నాకేం తెలుసు? రెండూ ప్రింటు వేయించుకుని ఇల్లు చేరాను.

అమ్మ మొదట నవ్వుతున్న ఫోటోను చేతిలోకి తీసుకుంది.

"ఎవురీ పిల్ల?"

"చిన్నమ్మే. కంప్యూటర్లో నవ్వు పెట్టినాడు."

"దాని పండ్లు ఇట్ల ఉండవు. ముందర పన్ను మీద పన్ను ఎక్కి ఉంటాది. దానికే అది నోరు తెరిచి నవ్వేది లేదు." ఫోటోను బోర్లించి మంచం మీద పెట్టింది. చుక్కల ఫోటో తీసుకుంది. దగ్గర పెట్టుకుంటే అన్నీ చుక్కలు. దూరంగా పెడితే ముఖం తెలుస్తుంది గానీ అమ్మ కళ్ళకు ఆ దూరం ఆనదు. గోడకు ఆనించి, ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు వచ్చి, కాసేపటికి వదిలేసింది.

"వద్దులే పాపా. పుస్తకమే ఉండనీ."

లైబ్రరీలో అడిగి పుస్తకం ఇంట్లోనే ఉంచుకున్నాను. రోజూ అన్నం తిన్నాక అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఆ పేజీ తెరిచేది. అరవం చదవడం ఆమెకు రాదు. కింద ఏమి రాసినారో ఇంకొక తూరి చెప్పు అనేది. చెప్పేదాన్ని. మొదట్లో విని కోప్పడేది. తర్వాత ఊరికే వినేది.

మరుసటి సంవత్సరం బడి తెరిచాక అదే పుస్తకం కొత్త ముద్రణ వచ్చింది. చిన్నమ్మ ఈసారి అట్ట మీదికి ఎక్కింది. కళ్ళు మాత్రమే. మగ్గం లేదు, రైక లేదు, బిగించిన పెదాలు లేవు. అట్టనిండా తడిసిన రెండు కళ్ళు. లోపల రాత మారలేదు. కాంచీపురం అలాగే ఉంది. దాచినా ఎప్పుడో ఒకప్పుడు చూస్తుంది కదా అని అమ్మకు తెచ్చి చూపించాను.

అట్టను రెండు చేతులతో పట్టుకుని చూసింది.

"ఏడస్తా ఉండాది."

"లేదమ్మా. నవ్వు ఆపుకుంటా ఉండాదని నువ్వే గదా చెప్తివి."

"అట్లనే అనుకుంటి. అప్పుటికే జరం ఉండినాదేమో. కండ్లు చూడు ఎట్ల ఉండాయో. నేను ఎనకాల ఆటలాడతా నిలబడుకోని ఉంటి. దాన్ని సరిగ్గా చూల్లేదు."

నేను పాత పుస్తకం తీసి పేజీ తెరిచి పెదాలు చూపించాను. "ఇదిగో, పండ్లు బిగబట్టుకోని ఉండాది. నువ్వు చెప్పినట్టే."

"నొప్పి ఉన్నా బిగబడతారు గదా పాపా."

"ఆ పొద్దు మధ్యానం సినిమాకు పోయినామంటివి. జరం ఉంటే ఎట్ల వస్తాది?"

అమ్మ నా ముఖంలోకి చూసింది. "ఆ పొద్దేనా? ఇంకో పొద్దేమో. నాకు తెలీదు" అంది.

ఆ నవ్వును చూసిన మనిషి అమ్మ ఒక్కతే. ఆమే చూడలేదంటే నేను దేన్ని పట్టుకుని వాదించను? అయినా వాదించాను. జ్వరం వానాకాలంలో వచ్చిందని, జీపు అంతకు ముందెప్పుడో వచ్చిందని, ఆమె చెప్పిన మాటలే ఆమెకు తిరిగి చెప్పాను. అమ్మ వింటూ కూర్చుంది. చివర, "నీకేం తెలుసు, నువ్వు పుట్టలేదు" అంది. కోపంగా కాదు, అలసిపోయినట్టు అంది.

ఆ తర్వాత ఆమె పుస్తకం తెరవలేదు. బీరువా మీద పెట్టమంది, పెట్టాను. ఇప్పుడు చిన్నమ్మ మాటే ఎత్తదు. నేనే కదిలిస్తే, పాపం చిన్న వయసులోనే జ్వరంతో పోయింది అని చెప్పి, వేరే సంగతిలోకి వెళ్ళిపోతుంది.