లలితమ్మ మిక్సింగ్ మెషీన్

గౌలిపురాలో మా గల్లీ మలుపు దగ్గర, పాలకేంద్రం పై గదికి ఇప్పటికీ ఒక రేకు బోర్డు వేలాడుతుంటుంది. ఎండకు రంగు వెలిసిపోయింది కానీ, ‘అంజన్ వీడియో మిక్సింగ్’ అన్న అక్షరాలు కష్టం మీద చదవొచ్చు. బోర్డు మీద పేరు భర్తది. మిక్సింగ్ చేసేది భార్య లలితమ్మ. ఈ సంగతి పాతబస్తీలో పెళ్లిళ్లు తీసే కెమెరావాళ్లందరికీ తెలుసు, పెళ్లి చేసుకున్నవాళ్లకే తెలియదు.

లలితమ్మ పాలవాళ్ల ఇంటి ఆడపిల్ల. తండ్రి మల్లన్నకు ఉప్పుగూడలో బర్రెల కొట్టం ఉండేది. పదో తరగతి అయిపోగానే అంజన్‌కిచ్చి పెళ్లి చేశారు. అంజన్ అప్పటికే భుజాన వీడియో కెమెరా వేసుకొని పెళ్లిళ్లకు పోయేవాడు. తీసిందంతా ఒక చోట కత్తిరించి, ఇంకో చోట అతికించి, కింద పాటలు కలిపి, చూడటానికి వీలుగా చేయడాన్నే మిక్సింగ్ అంటారు. ఆ పనికి అతను క్యాసెట్లను నాంపల్లిలో ఎవరికో ఇచ్చేవాడు. వాళ్లు నెలల తరబడి తిప్పించుకునేవారు. పెళ్లివాళ్లేమో ఇంటి ముందుకొచ్చి లొల్లి చేసేవారు. వాకిట్లో నిలబడి వాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేది లలితమ్మే. ఒకరోజు విసుగొచ్చి, “గా పనేందో నాకు జూపియ్యి, నేనే జేస్త” అంది.

రెండు వీసీఆర్‌లు, ఒక చిన్న మిక్సర్, మూలకు ఒక టీవీ. అట్లా మొదలైంది. నాలుగైదు పెళ్లిళ్లు చెడగొట్టాక చేయి కుదిరింది. ఎవరు కెమెరా వంక చూసి సిగ్గుపడుతున్నారో, ఎవరు కావాలని అడ్డం వస్తున్నారో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. అప్పగింతల దగ్గర పాట ఎక్కడ తగ్గించి ఏడుపు ఎక్కడ వినిపించాలో ఆమెకు ఒకరు చెప్పే పని లేదు. క్రమంగా లాల్‌దర్వాజా నుంచి మొఘల్‌పురా దాకా కెమెరావాళ్లు తమ క్యాసెట్లు తెచ్చి ఆమె గదిలో పెట్టి పోవడం మొదలుపెట్టారు.

దాంతో ఒక చిత్రమైన బంధం ఏర్పడింది. మీరాలంమండిలో కూరగాయలు కొంటుంటే పక్కన నిలబడ్డ ఆడమనిషి ముఖం తెలిసిన ముఖమయ్యేది. ఆమె తలంబ్రాల దగ్గర ఎట్లా నవ్విందో, ఆమె మరిది ఊరేగింపులో ఎట్లా ఆడాడో అన్నీ గుర్తొచ్చేవి. ఆమెకు మాత్రం లలితమ్మ ఎవరో తెలియదు. ఒకసారి సిటీ బస్సులో పక్క సీటావిడను ఉండబట్టలేక అడిగేసిందట, “మీ చిన్న చెల్లె మంచిగున్నదా?” అని. ఆవిడ బెదిరిపోయి చార్మినార్ దగ్గరే దిగిపోయిందట. ఆ తర్వాత ఎవరినీ పలకరించలేదు. చూసి, లోపల నవ్వుకొని, తన దారిన తాను పోయేది.

క్యాసెట్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. మొదట కొన్నవి రెండు, ఒకదాని తర్వాత ఒకటి పాడయ్యాయి. పదేళ్ల కింద, ఏదో కంపెనీ పాత సామాను అమ్మేస్తుంటే అంజన్ ఒక పెద్ద నల్లని డబ్బాను ఆటోలో వేసుకొచ్చాడు. మెట్ల మీదికి ఇద్దరు పట్టి ఎక్కించాల్సి వచ్చింది. “అన్ని కంప్యూటర్లకు ఒక్క ప్రాసెసరే ఉంటది. దీనికి రెండున్నయట” అని గొప్పగా చెప్పాడు. లలితమ్మ తట్టి చూసి, “మా నాయిన దున్నపోతు లెక్కున్నది” అంది. దీపావళప్పుడు వచ్చే సదర్ పండుగకు మల్లన్న తన దున్నపోతుకు నూనె రాసి, పూలదండలేసి తిప్పేవాడు. ఈ డబ్బాను కూడా ఆమె అట్లాగే చూసుకుంది. దసరాకు బొట్టు పెట్టేది, ఎండాకాలం దాని వెనక టేబుల్ ఫ్యాను పెట్టేది. ఆ మెషీన్ మీద ఎన్ని వందల పెళ్లిళ్లు తయారయ్యాయో ఆమెకే లెక్క లేదు.

తర్వాత పెళ్లిళ్లు మారిపోయాయి. డ్రోన్లొచ్చాయి, రీళ్లొచ్చాయి. జల్‌పల్లి కొత్త కాలనీల్లో పిల్లలు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని వధూవరులు భోజనానికి లేచేలోపే వీడియో చేతికిస్తున్నారు. అంజన్ భుజం నొప్పితో కెమెరా దించేశాడు. కింద పాలకేంద్రం పెట్టుకున్నాడు. కూతురు వర్షిత ఉద్యోగంలో చేరింది. లలితమ్మ గదికి మాత్రం పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఒక్కటే మిగిలింది. అప్పుడప్పుడు ఎవరో ఒకరు బూజు దులుపుకుంటూ ఒక సంచి తెచ్చేవారు.

అట్లా పోయిన వర్షాకాలంలో సీతారాం వచ్చాడు. పత్తర్‌గట్టిలో వాళ్లకు తరాల నుంచి బట్టల దుకాణం. అతని అక్క పెళ్లి వీడియో తీసింది అంజనే, మిక్సింగ్ లలితమ్మే.

“అక్కా, మా అక్క పెళ్లై ఇరవై అయిదేండ్లయితున్నది. అందరం కలుస్తున్నం. గా రోజు ఏమన్న చూపిద్దమని” అన్నాడు సీతారాం.

“మిక్సింగ్ చేసిన క్యాసెట్ ఉండాలె గద మీ ఇంట్ల?”

“ఉన్నది. అందుల మా అవ్వ లేదు.”

అవ్వ అంటే వాసవాంబ, సీతారాం నాయనమ్మ, ఇప్పుడు లేదు. ఆ పెళ్లిలో మండపం దగ్గరికే రాలేదట. వంటల దగ్గర, బియ్యం బస్తాల దగ్గర కుర్చీ వేసుకొని కూచుందట. మిక్సింగ్‌లో వంటలవైపు తీసినదంతా పోయింది. అదృష్టం ఏమిటంటే, కెమెరాలో తీసిన అసలు క్యాసెట్లు కూడా వాళ్ల నాయన కొని బీరువాలో దాచాడు.

“మీరు కోసేసింది ఉంటది గదా అక్కా. మాకు గదే కావాలె.”

లలితమ్మ సరేనంది. కానీ పాత క్యాసెట్లలో బొమ్మంతా చారలు, గొంతుల వెనక బుస్సుమనే చప్పుడు. వాటిని శుభ్రం చేసే కొత్త ప్రోగ్రామును వర్షిత వేసిపెట్టింది. దాన్ని నడిపిస్తే మెషీన్ మొత్తం బిగుసుకుపోయేది. నిమిషం బొమ్మకు పూటంతా పట్టేది. సగంలో ఆగి మళ్లీ మొదటికొచ్చేది.

“కొత్తది తీస్కో అమ్మా. ఇంకెన్నేండ్లు దీన్ని పట్టుకొని ఉంటవ్?” అంది వర్షిత.

“క్యాసెట్‌ల బొమ్మను లోపటికి గుంజే కార్డు ఉన్నది చూడు, అది దీంట్లనే పడ్తది. కొత్తవాటికి గా సందే లేదు” అంది లలితమ్మ.

వర్షిత ఫోనులో చాలాసేపు వెతికింది. చివరికి, “అయితే లోపటి ప్రాసెసర్లు మారుద్దం. ఇదే బోర్డుకు ఇంకా పెద్దవి పడ్తయట” అంది.

నయాపూల్ దగ్గర ఒక కాంప్లెక్సు మొదటి అంతస్తులో ఖలీల్ భాయ్‌కి పాత కంప్యూటర్ సామాన్ల దుకాణం ఉంది. చాలా ఏళ్లుగా లలితమ్మ మెషీన్‌కు ఏ రోగమొచ్చినా చూసేది అతనే. సంగతంతా విని తలూపాడు. “హౌ అమ్మా, అయితది. ఇప్పుడు ఒక్కో దాంట్ల నలుగురు పనోళ్లు ఉన్నరనుకో, పదిమంది ఉన్నవి వేద్దం. కాకపోతే రెండూ ఒక్కటే నంబరుండాలె. జోడీ కలవకుంటే నడ్వదు. ఫికర్ నక్కో, నేను చూస్త.”

వారం తిరక్కుండా జోడీ సంపాదించి స్కూటీ మీద వచ్చాడు. మొదట పెన్‌డ్రైవ్ పెట్టి, కొత్త ప్రాసెసర్లను గుర్తుపట్టడం బోర్డుకు నేర్పాడు. ఆ కాసేపట్లో కరెంటు పోతే బోర్డే పోతుందని చెప్పడంతో లలితమ్మ గోడకున్న బల్బునే చూస్తూ నిలబడింది. కరెంటు పోలేదు. తర్వాత మెషీన్‌ను పడుకోబెట్టి మూత తీశాడు. వేడిని లాగే పెద్ద లోహపు దిమ్మెల సందుల్లో దుమ్ము పత్తిలా పేరుకుంది. స్క్రూలు విప్పి దిమ్మె పైకి లేపితే, కింద చదరపు బిళ్ల. దాని మీద పూసిన పేస్టు ఎండి, పాన్‌డబ్బాలో మిగిలిపోయిన సున్నంలా పెచ్చులు కట్టింది.

“గింతేనా ప్రాసెసరంటే?” అంది లలితమ్మ.

“గింతే. గిదే మీ పెండ్లిళ్లన్నీ చేసింది” అన్నాడు ఖలీల్ భాయ్.

పాత బిళ్లలు రెండూ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె వాటిని గుడ్డతో తుడిచి, మెత్తని బట్టలో చుట్టి పెట్టింది. కొత్త బిళ్లలు కూర్చోబెట్టి, గింజంత పేస్టు వేసి, దిమ్మెలు బిగించి, స్విచ్ వేశాడు. ఫ్యాన్లు హోరుమన్నాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

మళ్లీ విప్పాడు, మళ్లీ బిగించాడు. తెర నలుపే. లలితమ్మకు ఉన్నది కాస్తా పోగొట్టుకున్నానా అనిపించింది. ఖలీల్ భాయ్ చెమట తుడుచుకొని, ఒక్కో బిళ్లను విడిగా వేసి చూశాడు. ఒకదానితో మెషీన్ లేచింది. రెండో దానితో లేవలేదు.

“తప్పు నాదే అమ్మా. దుకాణంల ఒక్కటే చెక్ జేసిన. రెండోది ఖరాబున్నది. గిసొంటిదే ఇంకోటి ఢిల్లీ నుంచెళ్లి తెప్పియ్యాలె.” అతని ముఖం చిన్నబోయింది.

“పర్వాలేదు ఖలీల్ భాయ్. పాతవే పెట్టి పో. నాకింకా క్యాసెట్లు ఎక్కించే పని ఉన్నది.”

క్యాసెట్ ఎక్కించడానికి ప్రాసెసర్ ఎంత పెద్దదైనా ఒకటే. మూడు గంటల క్యాసెట్ మూడు గంటలు తిరగాల్సిందే. మామూలుగా ఆమె క్యాసెట్ పెట్టేసి కింద వంట చేసుకునేది. మెషీన్ మీద నమ్మకం కాస్త తగ్గిందో ఏమో, ఈసారి అక్కడే స్టూలు మీద కూచుంది.

రెండో మధ్యాహ్నం వంటల వైపు వచ్చింది. గుండిగలు, పొగ, అరటాకుల కట్టలు. బస్తాల పక్కన కుర్చీలో వాసవాంబ, చేతిలో విసనకర్ర. కెమెరా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

“అవ్వా, జర ఇటు జూడు.”

“నన్ను తీస్తే ఏమొస్తది కొడుకా. పిల్లను తియ్యి పో.”

“పిల్లను మస్తు తీసిన. నువ్వొక్కపారి నవ్వు.”

ముసలమ్మ విసనకర్ర అడ్డం పెట్టుకొని నవ్వింది. బొమ్మ ఊగింది, తీసేవాడు కూడా నవ్వుతున్నాడు. తర్వాత అదే గొంతు, లైటు పట్టుకున్నవాడితో కాబోలు, “గీ ముక్క ఉంచుమని లలితకు చెప్పాలె” అంది.

లలితమ్మ బటన్ నొక్కి ఆపింది. కెమెరావాడి గొంతు వినబడితే ఆ ముక్క తీసేయాలి. మిక్సింగ్‌లో అందరూ పాటించే మొదటి నియమం అది. ఇన్నేళ్లలో అంజన్ గొంతును ఆమె ఎన్నిసార్లు కత్తిరించిందో. అతను ఎట్లాగూ ఏ పెళ్లి వీడియోలోనూ కనబడడు. వాళ్లిద్దరి పెళ్లికి వీడియో లేదు. ఇరవై అయిదేళ్ల కిందటి అంజన్ ఇంత గలగలా మాట్లాడేవాడన్న సంగతి ఆమెకే మరపుకొచ్చింది.

మెట్ల దగ్గరికి వచ్చి, “ఏమయ్యా, జర పైకి రా” అని పిలిచింది.

“గిరాకున్నరు.”

“ఉండనీ. రా.”

అంజన్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె వెనక్కి తిప్పి వినిపించింది. అతను తల పక్కకు వంచి విన్నాడు.

“గది నేనేనా? గొంతు గింత పల్చగుండెనా?”

“నువ్వే. మరి ఉంచుమని నాకెందుకు చెప్పలే?”

“చెప్పినట్టే ఉన్నది. నువ్వే కోసినవ్.”

“చెప్పలే.”

“అయితే మరిచిపోయినుంట” అని అతను స్టూలు లాక్కున్నాడు. “ఇంకొకపారి పెట్టు.” కింద పాలకొచ్చిన గిరాకీ పిలిచి పిలిచి వెళ్లిపోయింది. ఇద్దరూ ఆ క్యాసెట్ చివరిదాకా చూశారు.

బిళ్ల ఢిల్లీ నుంచి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఈసారి ఖలీల్ భాయ్ దుకాణంలోనే రెండూ పరీక్షించి తెచ్చాడు. స్విచ్ వేయగానే తెర వెలిగింది. వర్షిత తెర మీద ఏదో విండో తెరిచి చూపించింది. అందులో ఒక్కో పనివాడికి ఒకటిగా చిన్న చిన్న గడులు వరుసగా నిండి, అన్నీ ఒకేసారి కదులుతున్నాయి. పూటంతా పట్టే ముక్క, ఖలీల్ భాయ్ చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపు అయిపోయింది. లలితమ్మ మెషీన్ వెనక చేయి పెట్టి చూసింది. గాలి ముందుకంటే చల్లగానే వస్తోంది. “మస్తు” అంది. ఆమె నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

అందరూ కలిసే రోజుకు ముందే సీతారాం తన అక్కను వెంటబెట్టుకొని వచ్చాడు. చారలు లేని బొమ్మలో వాసవాంబ విసనకర్ర పట్టుకొని కూచుంది. అక్క తెర దగ్గరికి వంగింది. “గా రోజే గా చీర కొంగు కాలింది. వంటల కాడ కూసోవద్దంటే ఇనలే” అంది. నవ్వు దగ్గరికి వచ్చేసరికి కళ్లు ఒత్తుకుంది. కెమెరా వెనక మాటలు విని, వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ అంజన్‌ను చూసింది.

“అన్నా, గిది నువ్వేనా?”

“నేనే బిడ్డా.”

“గా మాటలు తియ్యకుండ్రి. అవ్వ ఎవరితోని మాట్లాడుతున్నదో మా పిల్లలకు తెల్వాలె గద.”

అప్పటి నుంచి లలితమ్మ పద్ధతి మార్చుకుంది. క్యాసెట్ తెచ్చినవాళ్లను అడగకుండా ఏదీ కత్తిరించదు, మొత్తం ఎక్కించి ఇస్తుంది. మధ్యాహ్నం పాలకేంద్రం మూసే వేళకు అంజన్ పైకి వచ్చి స్టూలు మీద కూచుంటాడు. తెర మీద హాళ్లు కనబడితే, “గిది ఇప్పుడు లేదు, దుకాణాలైనయి” అంటాడు. బ్యాండువాళ్లను పేర్లతో గుర్తుపడతాడు. ఎక్కడ తన గొంతు వచ్చినా ఇద్దరూ మాట్లాడటం ఆపేసి వింటారు.

పోయిన నెల నేనూ మా ఇంట్లో పడి ఉన్న పెళ్లి క్యాసెట్లు తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను. నాలుగు రోజులకు ఫోన్ చేసింది.

“అన్నా, మీ మామ భోజనాల కాడ అలిగి లేచిపోయిండు చూడు, ఆ లొల్లంతా ఉన్నది. గది కూడ ఉంచాలెనా?”

మా మామ పోయి ఆరేళ్లయింది. “ఉంచమ్మా” అన్నాను.