కెమెరా కట్టేయని మనిషి

స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఏటా జరిపే మూడు రోజుల విద్యా సదస్సును వీడియో తీయడానికి ఆయన అందరికంటే గంట ముందే వస్తాడు. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, ఒట్టి కాళ్ళతో హాలంతా తిరిగి, ఏ కుర్చీ కిర్రుమంటుందో చూసుకుని, దాన్ని మోసుకెళ్ళి మూలన పెడతాడు. యాభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి కెమెరా బరువు మోసి కుడి భుజం కాస్త కిందికి జారింది. ఉపన్యాసం ఎంత సాగినా ఆవలించడు. ఆవలిస్తే చెయ్యి కదులుతుందట!

ఈసారి మూడో రోజు సాయంత్రం చివరి వంతు ఒక చిన్న బడి లెక్కల టీచరుది. ఆవిడ మైకు అందుకునేసరికి బయట గ్రూప్ ఫోటో అని కబురొచ్చి, చూస్తూండగానే హాలు ఖాళీ అయిపోయింది. ఆవిడ మైకు కిందికి దించేసింది. సంస్థ కార్యదర్శి తలుపు దగ్గర్నుంచే, "వినేవాళ్ళెవరూ లేరు కదా, ఇక కట్టేసి రండి" అని కెమెరామన్‌ను కేకేశాడు. "టీచరుగారిది ఇంకా మొదలే కాలేదండీ" అంటూ ఆయన స్టాండు మీదున్న కెమెరా వెనక నుంచి పక్కకు జరిగి, తన ముఖం ఆవిడకు కనబడేలా నిలబడ్డాడు. "నాకు చెప్పండమ్మా. లెక్కలంటే నాకు చచ్చేంత భయం." ఆవిడ నవ్వేసింది. చేతిరుమాలు మడతలు పెడుతూ, భిన్నాలు పిల్లల బుర్రకెలా ఎక్కిస్తుందో ఇరవై నిమిషాలు చెప్పింది. చివర్న అలవాటుకొద్దీ "అర్థమైందా?" అంది.

"అయింది టీచర్. కానీ ఆ మూడోవంతు మడత ఇంకోసారి చూపించండి" అన్నాడాయన, కెమెరాను ఆవిడ చేతుల దగ్గరికి తెస్తూ.