నాన్న చెయ్యి కడుక్కున్న నీళ్ళు

మొన్న శుక్రవారం ప్రార్థన అయ్యాక ఖతర్‌లోని అల్ ఖోర్ మడ అడవుల పక్కన చాప పరుచుకుని పులిహోర తింటున్నప్పుడు, అమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళ మీదికి వంగింది. నేను పెట్టిన కేకకు చుట్టుపక్కల వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. "ఇక్కడ పీతలు తప్ప ఏముంటాయే తల్లీ!" అని అమ్మ విసుక్కుంది. నాన్న ఎడమచేత్తో నీళ్ళ సీసా అందించారు. ఆ నీళ్ళు అమ్మ వేళ్ళ మీదుగా ఇసుకలోకి జారుతుంటే, ఆరేళ్ళ కిందటి బోట్స్‌వానా చిత్తడి నేలలు నా కళ్ళ ముందుకు వచ్చాయి.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. చిన్న మామయ్య అక్కడ ఆరు గుడారాల సఫారీ క్యాంపులో జనరేటర్లు, పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. గ్యాస్ ప్లాంటు డ్యూటీల్లో ఎండకు మాడిపోతున్న బావగారికి కాస్త పచ్చదనం చూపిస్తానని సెలవులకు మమ్మల్ని రప్పించుకున్నాడు. పుస్తకాల్లో చదువుకున్న అడవికీ, అక్కడ చూసిన అడవికీ పొంతనే లేదు. మొదటి రోజే సింహాలు ఒక దున్నను పడగొట్టి, అది చావకముందే పొట్ట చీల్చి తినసాగాయి. దాని కాళ్ళు ఇంకా పరుగెడుతున్నట్టే గాలిని తన్నాయి. మర్నాడు రెండు నీటిగుర్రాలు కోరలతో ఒకదాని మెడ ఒకటి చీరుకుంటుంటే మడుగంతా ఎర్రబడింది. భోజనాల బల్ల దగ్గర మిగతా అతిథులు వాటి గురించే ఉత్సాహంగా మాట్లాడుకునేవారు. వాళ్ళేం అడిగినా నేను తలూపి ఊరుకుని, గుడారంలోకి వచ్చి డైరీకి చెప్పుకునేదాన్ని.

మూడో రోజు పొద్దున మమ్మల్ని, ఒక విదేశీ జంటను మోటారు పడవలో తీసుకెళ్ళారు. పడవ నడిపే ముసలాయన చేతులు బయట పెట్టొద్దని ముందే హెచ్చరించాడు. మామయ్య అదే మాట తెలుగులో చెబితే నాన్న నవ్వారు.

"గోదారి లంకలో పుట్టినోణ్ణిరా, నాకు నీళ్ళు నేర్పుతావా?"

"ఇక్కడి మొసళ్ళకి మీ ఊరు తెలీదు బావా!"

పక్షులను చూడ్డానికి రెల్లు దుబ్బుల దగ్గర ఇంజను ఆపారు. అమ్మ చపాతీలు, చికెన్ పచ్చడి మూట విప్పింది. నాన్న అందరికంటే ముందే తినేశారు. నీళ్ళలో మొద్దులాంటిది ఒకటి మా వైపు కదిలి మునిగిపోవడం నేను చూశాను. ఆ జంట ఊపిరి బిగబట్టి ఫొటోలు తీసుకుంటున్నారు. మొద్దేనేమో, అరిస్తే పక్షులు లేచిపోయి అందరూ నన్నే చూస్తారేమో అని ఒక్క క్షణం ఆగాను. చిన్నప్పటినుంచీ పడవలో తిన్న చెయ్యి గోదారిలోనే కడుక్కున్న నాన్న, ఆ క్షణంలోనే నూనె చెయ్యి నీళ్ళలో ముంచారు.

పడవ ఒక్కసారిగా ఒరిగింది. మొసలి నాన్న చేతిని మోచేతి దాకా పట్టి నీళ్ళలో గిర్రున తిరిగింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అమ్మ నాన్న నడుము పట్టుకుంది, మామయ్య అమ్మను పట్టుకున్నాడు. ముసలాయన గడకర్రతో దాని కళ్ళ మీద పొడిచాడు, పొడుస్తూనే ఉన్నాడు. అది నాన్నను వదిలింది కానీ, మోచేతి దాకా కుడిచెయ్యి దానితోనే పోయింది. నాన్న నా ఒళ్ళో పడ్డారు. ఆ రక్తం నా బట్టలను తడిపి పడవ అడుగున పచ్చడి నూనెతో కలిసి పారింది. మామయ్య తన బెల్టు తీసి బిగించి కట్టాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళే చిన్న విమానం వచ్చేదాకా నాన్న బతుకుతారని ఎవరూ అనలేదు.

బతికారు. ఖతర్ తిరిగి వచ్చాక కంపెనీ ఆయనకు కుర్చీలో కూర్చునే పని ఇచ్చింది. ఎడమచేత్తో రాయడం సాధన చేయడానికి ఒకరోజు చేతికందిన నోటుపుస్తకం తీసుకున్నారు. అది నా డైరీ. ఆ రోజు పేజీలో నేను రాసుకున్నవి రెండే మాటలు: చూశాను, అరవలేదు. ఆ సంగతి అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాటి కింద నాన్న వంకర అక్షరాలతో, "నువ్వు అరిచినా వినేవాణ్ణి కాదమ్మా" అని రాసి, పుస్తకం ఉన్నచోటే పెట్టేశారు. దాని గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అంతకుముందు సెలవురోజుల్లో నాన్న పెద్ద గిన్నెలో చేపల పులుసు అన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టేవారు. ఇప్పుడు చెంచాతో, తల వంచుకుని, తన కంచంలోది తాను తింటారు. ఆ ముద్దల రుచి ఏ వంటకూ రాదు.

మొన్న ఇంటికొచ్చాక ఆ పాత డైరీ తీసి, నాన్న వంకర అక్షరాల కింద ఇన్నేళ్ళకు నేనూ ఒక మాట చేర్చాను: ఈసారి అరిచాను.