ఎడమ చేత్తో గీసిన మంచం

సహోదరులారా, సహోదరీలారా, నేను చెప్పబోయే సాక్ష్యంలో పడిపోయిన చెయ్యి తిరిగి లేవదు, ముందే చెప్పేస్తున్నాను, అద్భుతం వినాలని వచ్చినవాళ్లు తర్వాత నన్ను నిందించవద్దు!

సూర్యాపేటలో నేను గుడ్డల మీద బైబిలు కథల బొమ్మలు వేసేవాణ్ణి, బోధకులు వాటిని చుట్టగా చుట్టి చంకన పెట్టుకుని హుజూర్‌నగర్, నేరేడుచర్ల దాకా ఊరూరా తిరిగి చూపించేవారు, అరవై ఏళ్లు వచ్చినా నా చెయ్యి వణకలేదు, ఆ గర్వం కూడా నాకు బాగానే ఉండేది. ఊళ్లలో అల్లర్లు జరుగుతున్న రోజుల్లోనే ఒక పొద్దున కుంచె అందుకోబోతే కుడి చెయ్యి లేవలేదు, కుడి కాలూ కదలలేదు.

విధవరాలైన నా చెల్లెలు మరియమ్మ బండి కట్టించుకుని వచ్చి నన్ను కోదాడలోని తన ఇంటికి తీసుకుపోయింది. ఆమె మంచిది, కానీ ఆ మంచితనమే నన్ను చంపింది! ముద్ద కలిపి నోట్లో పెట్టేది, ధోవతి కట్టేది, ఎటు తిరిగి పడుకోవాలో కూడా ఆమే చెప్పేది, ఏమన్నా అంటే "నీకెందుకన్నా తిప్పలు, మేం లేమా?" అనేది. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. ఎడమ చేత్తో తింటానంటే చెంపలేసుకుంది, కడుక్కునే చేత్తో అన్నమా అని. పోనీ ఆ చేత్తో బొమ్మ వేస్తానంటే రంగులు తీసి అటక మీద పెట్టేసింది. ఆమెను ఏమనను? ఒకప్పుడు ఎడమచేతి వాటం మనిషి ఒకడు పని నేర్చుకోవడానికి వస్తే, ప్రభువు ముఖం మీదికి ఆ చెయ్యి రానివ్వనని తిట్టి పంపినవాణ్ణి నేనే, ఆ పాపం ఈ సంఘం ముందు ఒప్పుకుంటున్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె నీళ్లకు పోయినప్పుడు ఏడుస్తూ, కోపంతోనే ప్రార్థించాను. "ప్రభువా, బాగు చేస్తవో చెయ్యవో నీ ఇష్టం, బతిమాలి బతిమాలి నోరు ఎండింది. నా ముద్ద నన్ను తిననియ్యి, నా బొమ్మ నన్ను గియ్యనియ్యి. గదీ కాదంటే తీస్కపో!" ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు. కానీ నా కన్నీళ్లు తుడుస్తున్నది ఎడమ చెయ్యేనని అప్పుడు చూసుకున్నాను, ఇది కూడా ఆయన చేసిన చెయ్యే కదా, దేవునికే మహిమ! దేక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయి చల్లారిన బొగ్గు తీసుకుని గోడ మీద మొదలుపెట్టాను.

పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మంచంతో ఎత్తుకొచ్చి, ఇంటికప్పు విప్పి ప్రభువు ముందుకు దించిన కథ మీకందరికీ తెలుసు. నేనూ ఎన్నోసార్లు వేశాను, ఎప్పుడూ ఆ నలుగురి కండలే శ్రద్ధగా వేశాను, పడుకున్నవాడి ముఖం రెండు గీతలతో సరిపెట్టాను. ఈసారి వాడి ముఖమే వేశాను, గీతలు వంకరపోయాయి, ముసలితనం, సిగ్గు, కోపం, అది నా ముఖమే! మోసే నలుగురిలో ఒకరికి చెల్లెలి ముఖం వచ్చింది.

బిందెతో వచ్చిన మరియమ్మ చూసి నిలబడిపోయింది. "నన్నూ గీసినవా అన్నా? నేను మోస్తుంటే నీ మొకం గంత కోపంగ పెట్టినవేంది?"

"యాడికి మోస్తున్నవో నన్ను ఒక్కనాడన్న అడిగినవా?" అన్నాను.

ఆమె చాలాసేపు ఏడ్చింది, నేను ఓదార్చలేదు. ఆ పూట కంచం నా ముందు పెట్టి అటు తిరిగి కూర్చుంది. సగం అన్నం ఒళ్లో పడింది, మిగతా సగం నేనే తిన్నాను, ఎనిమిది నెలల తర్వాత నా చేత్తో నేనే తిన్నాను!

అదే బొమ్మ గుడ్డ మీద వేసి ఈ మిర్యాలగూడ మందిరానికే ఇచ్చాను. ఎడమచేతి బొమ్మ ఇక్కడ కట్టగూడదని పెద్దలు అన్నారు. అది ఇప్పటికీ మీరు కూర్చున్న చాపల వెనుక మూలన చుట్టి పెట్టి ఉంది, లేచి చూసుకోవచ్చు.

కుడి చెయ్యి వేలాడుతూనే ఉంది. అయినా ఒకరి ముద్ద కోసం నోరు తెరిచి కూర్చునే బతుకులోంచి ప్రభువు నన్ను విడిపించాడు, ఆయనకే స్తోత్రం! ఆయనను నమ్మండి, సహోదరులారా. మీ ఇళ్లలో మంచాన పడ్డవాళ్లను ఆయన దగ్గరికి మోసుకురండి, కానీ మంచం ఎత్తేముందు వాళ్లను ఒక్క మాట అడగండి.