ఎవరి ల్యాంపు మీద వాళ్ళే

వేదిక వెనక నిలబడి మంచినీళ్ళు తాగుతుంటే, బొకేల చుట్టూ చుట్టిన ప్లాస్టిక్ కాగితం చిటపటలాడింది. మొన్న హైదరాబాదులో జరిగిన ఒక అంతర్జాతీయ గనుల సదస్సు సంగతి ఇది. ఆ కాగితం చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తల తిప్పి చూశాను. ఇద్దరమ్మాయిలు, ఒకే రంగు పట్టుచీరలు, చేతుల్లో పళ్ళేలు, పళ్ళేల్లో బొకేలు. అచ్చం ఒకప్పటి నేనే. ఎస్తేరు మేడం ఆ పక్కన ఉంటే ఏం చేసేదో నాకు బాగా తెలుసు. కానీ ఆమె లేదు. పోయిన వానాకాలంలో గోదావరిఖనిలో ఆమెకు మట్టిచ్చి వచ్చాం.

ఆ రోజు సమాధుల తోటలో మాట్లాడిన పెద్దలు "ఆమె నిశ్శబ్దంగా సేవ చేసింది" అన్నారు. అంతకంటే పెద్ద అబద్ధం లేదు. ఎస్తేరు మేడం నిశ్శబ్దంగా చేసిన పని ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. బొగ్గు గనుల్లో గాలినీ దుమ్మునూ పరీక్షించే ల్యాబ్‌కు ఆమె అధికారి. తండ్రి బొగ్గుబాయి దిగి బతికినవాడు. పొట్టి మనిషి, నూలు చీర, మెడలో చిన్న సిలువ, గొంతు మాత్రం షిఫ్టు సైరన్. నేను కమాన్‌పూర్ నుంచి బస్సెక్కి వచ్చి ఆ ల్యాబ్‌లో కొత్తగా చేరిన రోజు, తల కూడా ఎత్తకుండా "పేరేంది బిడ్డా?" అని అడిగింది. మెల్లగా చెప్పాను. "ఏందీ? మిషిన్ల చప్పుడుకు ఇనవడలే." మళ్ళీ చెప్పాను. "ఆ దర్వాజ కాడ నిలబడ్డోనికి ఇనవడాలె" అంది. ఉక్రోషం వచ్చి "స్వరూప!" అని అరిచాను. గుమ్మం దగ్గర కునుకు తీస్తున్న అటెండరు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "గట్ల" అని ఆమె అప్పుడు తలెత్తి నవ్వింది.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆమె చిన్నప్పటి కబుర్లు చెప్పేది. అందులో ఒకటి నన్ను వదలలేదు. బాయి దిగే ప్రతి మనిషికీ నెత్తికి పెట్టుకునే దీపం ఉంటుంది, దాని మీద అతని నెంబరు ఉంటుంది. లోపల ఎవరున్నారో పైవాళ్ళకు తెలిసేది ఆ నెంబరుతోనే. అందుకే ఒకరి ల్యాంపు మీద ఇంకొకరు దిగరాదు. అది రూలు మాత్రమే కాదు, ఒట్టు లాంటిది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వాళ్ళ వరస ఇళ్ళల్లో ఒకాయన డ్యూటీకి జల్దిలో దోస్తు ల్యాంపు తగిలించుకుని దిగాడట. ఆ పూటే పైకప్పు కూలింది. పైవాళ్ళు నెంబరు చూసి దోస్తు పేరు చెప్పారు. "ఆ దోస్తు పెండ్లాం పొద్దుగూకేదాక నెత్తి నోరు కొట్టుకున్నది బిడ్డా. చచ్చిపోయినోని పెండ్లామేమో ఇంట్ల రొట్టెలు చేస్తున్నది. మా నాయిన అన్నడు, పేరు తారుమారైతే మనిషి రెండుసార్లు సస్తడని." చెప్పి, చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు నేను చేసిన పనొకటి సదస్సుకు ఎంపికైంది. నేల పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గనుల నుంచి లేచిన దుమ్ము చుట్టుపక్కల ఊళ్ళ మీద ఎట్లా పడుతుంది, నీళ్ళు ఎక్కడ, ఎప్పుడు చల్లితే తగ్గుతుంది అన్నది విషయం. మా అమ్మ ఆరేసిన బట్టలు మళ్ళీ జాడించుకునే ఊరు మాది, కాబట్టి ఆ దుమ్ము నాకు చుట్టం. ఎండలో నిలబడి దాన్ని పట్టి, తూచి, రాసింది నేను. పది దేశాల వాళ్ళ ముందు నా నోటితో చెప్పాలని నెలరోజులు అద్దం ముందు ఇంగ్లీషు సాధన చేశాను. సదస్సుకు వారం ముందు నిర్వాహకుల నుంచి ఫోన్ వచ్చింది, చీర రంగు చెప్పడానికి. ఇట్లాంటి పెద్ద సభలన్నిటికీ అదొక ఆనవాయితీ. వేదిక ఎక్కే మగవాళ్ళకు పూలిచ్చేందుకు ఆఫీసుల్లో ఆడవాళ్ళను ఏరుతారు, దాన్నే మహిళలకు గౌరవం అంటారు. రెండూ చేయొచ్చులే అనుకుని చీర కట్టుకుని వెళ్ళాను.

పొద్దున్నే మా పెద్దసారు పక్కకు పిలిచాడు. చాలా ఏళ్ళు బాయిల్లో మేనేజరుగా పనిచేసి పైకి వచ్చిన మనిషి, చెడ్డవాడు కాదు. "అమ్మా, విదేశాలోళ్ళు ప్రశ్నలడుగుతరు. నువ్వు తడబడితే అందరి పరువు పోతది. నీ పేపర్ నేను చదువుత. నువ్వెట్లాగూ స్టేజీ మీదనే ఉంటవ్ గద, పళ్ళెం పట్టుకొని" అన్నాడు. తలూపాను. మేడంకు చెబుదామని చూస్తే ఆమె అప్పటికే హాలులో మూడో వరసలో కూర్చుంది. పళ్ళెం పట్టుకుని వేదిక మూల నిలబడ్డాను. తెర మీద నా దుమ్ము బొమ్మలు వచ్చాయి, మైకు ముందుకు సారు వచ్చాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఆ బొమ్మలు నాకే మసకగా కనబడ్డాయి.

"సార్, ఒక్క నిమిషం."

మైకు అక్కర్లేని ఆ గొంతు ఎవరిదో మావాళ్ళందరికీ తెలుసు. ఎస్తేరు మేడం నడిచి వేదిక ముందుకు వచ్చింది. ఇంగ్లీషు హాలులో తెలుగులోనే అడిగింది. "మన బాయిల ఒకరి ల్యాంపు మీద ఇంకొకరు దిగుతరా సార్?"

ఆయన ఎంతమందిని ల్యాంపు రూము దగ్గర ఆపి వెనక్కి పంపాడో. అలవాటైన నోరు ఆలోచించే లోపలే "దిగొద్దు" అనేసింది.

"మరి గీ ల్యాంపు ఎవలది?" అని తెర మీది నా బొమ్మల వైపు చెయ్యి చూపింది.

వెనక వరసల్లో కూర్చున్న మన గనులవాళ్ళు గొల్లున నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. విదేశాలవాళ్ళు ఏమైందని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సారు మొహం కందిపోయింది. కాసేపు తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, మైకు వదిలి "రా అమ్మా స్వరూపా" అన్నాడు. మేడం వేదిక ఎక్కి నా చేతుల్లోంచి పళ్ళెం లాక్కుని, ముందు వరసలో కూర్చున్న నిర్వాహకుడి ఒళ్ళో పెట్టింది. నేను మొదటి వాక్యం రెండుసార్లు చదివాను. తర్వాత దుమ్ము గురించి చెప్పడం మొదలుపెట్టాక ఇంకేమీ గుర్తు రాలేదు. ఒక ప్రశ్నకు జవాబు చెప్పాను, ఇంకోదానికి తెలియదు, చూసి చెబుతానన్నాను. పేపర్ చదివిన మగవాళ్ళు కూడా ఆ రోజు అట్లాగే చెప్పారు.

సదస్సు తరఫున అచ్చైన పుస్తకం తర్వాత వచ్చింది. అందులో నా ఫోటో ఉంది, పెద్దదే. పళ్ళెం పట్టుకుని నవ్వుతున్న ఫోటో. కింద "అతిథులకు స్వాగతం పలుకుతున్న మహిళా ఉద్యోగిని" అని రాశారు. మైకు ముందున్న ఫోటో ఒక్కటీ లేదు. మేడం ఆ పేజీ చింపి ల్యాబ్ తలుపుకు అంటించి, ఎర్ర స్కెచ్చుతో "ఈమె మాట్లాడింది. మీరు ఇనలేదు" అని రాసింది. వచ్చినవాళ్ళందరూ చదివి గాని లోపలికి వచ్చేవారు కాదు. అదే ఏడాది ఆమె విదేశంలో ఒక సదస్సుకు వెళ్ళవలసి ఉంది, పాస్‌పోర్టు కూడా తెచ్చుకుంది. ఆఖరికి ఇంకొకాయన వెళ్ళాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, చెప్పే పనీ లేదు. నా మూలంగానే పోయిందని నేను ఏడిస్తే కసిరింది. "ఇమానం పోతే ఇంకోటి వస్తది. నోరు పోతే మల్ల రాదు. ముక్కు తుడుచుకో." ఆ ఇంకో విమానం ఆమెకు ఎన్నడూ రాలేదు. ఖాళీ పాస్‌పోర్టుతోనే రిటైరైంది. దీని మీద నా కోపం ఇంకా చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

మొన్నటి సదస్సులో ఒక సమావేశానికి అధ్యక్షురాలిని నేను. మొదట నన్ను "ఇల్లు, ఉద్యోగం: మహిళల సమతుల్యత" అనే చర్చకు, పక్కనున్న చిన్న గదిలోకి పిలిచారు. నా ఇంటి గురించి మా ఆయన్ని అడగండి, నేను దుమ్ము గురించి పెద్ద హాలులో మాట్లాడతాను అన్నాను. ఎస్తేరు మేడం నాకిచ్చి పోయింది ఈ పెంకితనమే. పళ్ళేలు పట్టుకున్న అమ్మాయిల్లో ఒకామెను అడిగాను, "ఏం పని చేస్తవ్ బిడ్డా?"

"సర్వే మేడం. బాయి దిగుత." ఇప్పుడు ఆడపిల్లలు బాయి దిగుతున్నారు. మా మేడం తరానికి చట్టమే అడ్డం ఉండేది.

"మరి గీ పళ్ళెమేంది? పేరేంది?"

గొణిగింది. నా నోట్లోంచి ఎస్తేరు మేడం గొంతే వచ్చింది. "ఆ దర్వాజ కాడ నిలబడ్డోనికి ఇనవడాలె."

"శిరీష!" అంది. గుమ్మం దగ్గరి మనిషి వెనక్కి తిరిగాడు.

ఇద్దరి పళ్ళేలూ తీసి బయట బల్ల మీద పెట్టించి, వాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టాను. నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చాడు, "మేడం, అతిథులకు బొకేలు ఎవరిస్తరు?" అని. "ఆడ పెట్టినం, కావాల్సినోళ్ళు తీసుకుంటరు" అన్నాను. మొదటి ప్రశ్న శిరీషదే అని మైకు ఆమెకే పంపాను. లేచి నిలబడి పేరు చెప్పి, పైకప్పు కొలతల గురించి అడిగింది. హాలు చివరిదాకా వినబడింది.

సభ ముగిసి బయటికి వస్తే, అతిథులు బల్ల ముందు వరసలో నిలబడి ఎవరి బొకే వాళ్ళే తీసుకుంటున్నారు. ఎవరి పరువూ పోలేదు.