కారం అంటిన లెక్కలు

మా ప్రొఫెసర్ గారి ఉత్తరం మిరప కోతల రోజుల్లో వచ్చింది. "నీ నక్షత్రం చాలా వేగంగా తిరుగుతోందమ్మా. దాన్ని గుండ్రం అనుకుని కంపనాలు లెక్కకట్టావు. అది నడుము దగ్గర ఉబ్బుతుంది. ఇంకాస్త వేగం పెరిగితే తన ఒంటిని తానే చీల్చి విసిరేసుకుంటుంది. మళ్ళీ చెయ్యి." సోమవారం టపాలో లెక్క వెళ్ళకపోతే నా పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

పొద్దుటి నుంచీ కల్లంలో అత్తగారి పక్కన కూర్చుని రంగుపోయిన తాలుకాయలు ఏరేదాన్ని. పది నిమిషాలు దొరికితే వసారాలోకి పరిగెత్తి, ఆ చేతులతోనే నోట్‌బుక్ తిప్పేదాన్ని. నక్షత్రం తిరిగే వైపు పోయే అలకు ఒక పౌనఃపున్యం, ఎదురు పోయే అలకు మరొకటి. ఆ తేడా పట్టుకోవడానికే పేజీలన్నీ నిండిపోయాయి.

శనివారం మధ్యాహ్నం మా పది నెలల పాప పాక్కుంటూ వెళ్ళి ఆ పేజీలు పిసికింది, అవే చేతులతో కళ్ళు నులుముకుంది. అలాంటి ఏడుపు నేనెప్పుడూ వినలేదు. ఎత్తుకోబోతే, అన్నానికి చేతులు కడుక్కుని వచ్చిన అత్తగారు నన్ను పక్కకు నెట్టేసింది.

"పెట్టమాక ఆ చేతులు. కళ్ళు పోతయ్."

ఆమె తొట్టి దగ్గర పాప కళ్ళు కడుగుతుండగా నా భర్త వచ్చాడు. జరిగింది చెప్పాను. మొదటి దెబ్బకు చెవి గుయ్యిమంది. రెండో దెబ్బకు తల గుంజకు కొట్టుకుంది.

"కన్నబిడ్డ కళ్ళకంటే చుక్కలెక్కువైనయ్యా నీకు?"

నోట్‌బుక్ పట్టుకెళ్ళి పొయ్యిలో కుక్కాడు.

అది వారం రోజులుగా కారం పట్టిన కాగితం. ఘాటు గుప్పున లేచింది. ఆయన ఊపిరాడక దగ్గుతూ వాకిట్లోకి పరిగెత్తి బోర్లా పడ్డాడు. అత్తగారు పాపను మంచం మీద వేసి, ముక్కుకు కొంగు చుట్టుకుని లోపలికెళ్ళింది. పటకారుతో నోట్‌బుక్ లాగి, వాకిట్లో పడేసి, మంట ఆరేదాకా చెప్పుకాలితో తొక్కింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఇది తగలబెడితే పిల్ల కళ్ళు చల్లబడతయ్యంట్రా? దగ్గు. ఇంకా దగ్గు."

సాయంత్రానికి పాప కళ్ళు తెరిచింది. కాలిన అంచుల్లో పోయిన అంకెలన్నీ ఆదివారం మళ్ళీ కట్టి, సోమవారం పోస్టు చేశాను. రిజిస్ట్రేషన్ నిలిచింది.

ఆయన చెయ్యి ఇప్పటికీ లేస్తూనే ఉంది. నోట్‌బుక్ మాత్రం అత్తగారి ట్రంకుపెట్టెలో, ఆమె పెళ్ళిచీర కింద ఉంటుంది. తాళంచెవి ఇచ్చే ముందు ఆమె నా వేళ్ళు వాసన చూస్తుంది.